‘సోక్రటీసు మరణం’ చిత్రం : విధిని అంగీకరించడమంటే ఏమిటి?

విధిని గురించి చెప్పుకోవడానికి మన భాషలో మాటలకు కొదవ లేదు. రాత, గీత, ప్రాప్తం, కర్మ, తలరాత, నొసటి వ్రాలు. పరీక్ష పోతే రాత, ఉద్యోగం దొరికితే ప్రాప్తం, రెండూ కాకపోతే కర్మ అంటాం. అయితే ఈ మాటలను మనం రెండు రకాలుగా వాడుతూ ఉంటాం. కష్టం మనకు వచ్చినప్పుడు “నా రాత” అని కళ్ళు తుడుచుకుంటాం. అదే కష్టం పక్కవాడికి వచ్చినప్పుడు “వాడి రాత” అని చేతులు దులుపుకుంటాం. మాట ఒకటే. కాని మొదటిదాంట్లో ఓర్పు ఉంది, రెండోదాంట్లో తప్పించుకోవడం ఉంది. ఈ రెంటికీ ఉన్న తేడాను తత్త్వశాస్త్ర గ్రంథాలు పుటల కొద్దీ వివరిస్తాయి. ఒక చిత్రకారుడు మాత్రం ఆరున్నర అడుగుల వెడల్పు లేని ఒక కాన్వాసు మీద చూపించాడు. చూపించినవాడు తన జీవితంలో ఆ తేడాను నిలుపుకోగలిగాడా అన్నది వేరే కథ. ఈ వ్యాసంలో ఆ చిత్రాన్నీ, ఆ కథనూ కలిపి చదవడానికి ప్రయత్నిద్దాం.

చిత్రం పేరు ‘సోక్రటీసు మరణం’. గీసినవాడు జాక్ లూయీ డేవిడ్. ఫ్రెంచివాళ్ళు ‘దవీద్’ అని పలుకుతారు. గీసిన సంవత్సరం 1787, అంటే ఫ్రెంచి విప్లవానికి రెండేళ్ళ ముందు. ఎత్తు సుమారు 130 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 196 సెంటీమీటర్లు. 1931 నుంచి అది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. న్యూయార్కు దాకా వెళ్ళనక్కరలేదు. మ్యూజియంవారు దాని ప్రతిని తమ వెబ్‌సైటులో అందరికీ ఉచితంగా ఉంచారు. సెల్‌ఫోనులో ఆ బొమ్మను తెరిచి పక్కన పెట్టుకుని ఈ వ్యాసం చదివితే మరీ మంచిది.

కథా నేపథ్యం

క్రీ.పూ. 399లో ఏథెన్సు నగరంలో డెబ్బై ఏళ్ళ సోక్రటీసును న్యాయస్థానానికి ఈడ్చారు. నేరారోపణలు రెండు. నగరం నమ్మే దేవతలను నమ్మడం లేదన్నది ఒకటి, యువకులను చెడగొడుతున్నాడన్నది రెండవది. అప్పట్లో ఏథెన్సులో జడ్జి అంటూ ఒకడుండడు. సుమారు 500 మంది పౌరులు కూర్చుని వోటు వేసి తీర్పు చెబుతారు. ముప్పై వోట్లు అటునుంచి ఇటు మారి ఉంటే సోక్రటీసు నిర్దోషిగా బయటపడేవాడని ఆయన శిష్యుడు ప్లేటో రాశాడు. నేరం రుజువైందని తేలాక, ఏ శిక్ష వెయ్యమంటావని నిందితుణ్ణి అడగడం అక్కడి ఆచారం. దేశం విడిచిపోతానంటే బహుశా సరిపోయేది. సోక్రటీసు ఆ మాట అనలేదు. తాను నగరానికి చేసిన మేలుకు జీవితాంతం ప్రజల ఖర్చుతో భోజనం పెట్టాలన్నాడు! తరవాత మిత్రులు హామీ ఉండగా కొంత జరిమానాకు ఒప్పుకున్నాడు. న్యాయనిర్ణేతలు మరణశిక్ష వేశారు.

శిక్ష వెంటనే అమలు కాలేదు. ఏటేటా డీలోస్ ద్వీపానికి వెళ్ళే పవిత్ర నౌక తిరిగి వచ్చేదాకా నగరంలో ఎవరినీ చంపరాదని నియమం. అందుచేత సోక్రటీసు దాదాపు నెల రోజులు జైల్లో ఉన్నాడు. ఆ రోజుల్లోనే బాల్యమిత్రుడు క్రిటో తెల్లవారుజామున వచ్చి, కావలివాళ్ళను సర్దుబాటు చేశాననీ, పారిపొమ్మనీ బతిమాలాడు. సోక్రటీసు ఒప్పుకోలేదు. డెబ్బై ఏళ్ళు ఈ నగరం చట్టాల నీడన బతికి, అవి తనకు అనుకూలంగా లేని ఒక్క రోజున వాటిని కాలదన్నడం న్యాయం కాదన్నాడు.

చివరి రోజు సంగతి ప్లేటో రాసిన ‘ఫీడో’ అనే సంవాదంలో ఉంది. ఆ పొద్దున్నే సంకెళ్ళు విప్పారు. రోజంతా సోక్రటీసు మిత్రులతో ఆత్మ శాశ్వతమా కాదా అని చర్చించాడు. సాయంకాలం, పోయాక ఆడవాళ్ళకు శవానికి స్నానం చేయించే శ్రమ ఎందుకని, తానే స్నానం చేసి వచ్చాడు. ఇంకా కొండల మీద ఎండ ఉంది, తొందరేముంది అన్నాడు క్రిటో. ఆ కాస్త సమయం కోసం ప్రాణాన్ని పట్టుకు వేలాడితే నాకు నేనే నవ్వులపాలవుతానన్న అర్థం వచ్చేలా సోక్రటీసు జవాబు చెప్పి, హెమ్లాక్ అనే మొక్క నుంచి తీసిన విషాన్ని తెప్పించుకుని తాగాడు. కాళ్ళు బరువెక్కేదాకా అటూ ఇటూ నడిచి, పడుకున్నాడు.

చిత్రాన్ని చదవడం

ఇక బొమ్మ చూద్దాం. రాతి గోడల చెరసాల. అలంకారమేమీ లేదు. వెలుగు ఎడమ పైవైపు నుంచి పడుతోంది. మనుషులందరూ గుడి గోడ మీద చెక్కిన శిల్పాల వరసలాగా ఇటునుంచి అటు బారుగా ఉన్నారు. వెనక ఎడమవైపు ఒక వంపు ద్వారం, దాని అవతల మెట్లు. ఆ మెట్ల మీద సోక్రటీసు భార్య జాంతిపి వెళ్ళిపోతూ చెయ్యెత్తి వీడ్కోలు చెబుతోంది. నేల మీద విప్పి పడేసిన సంకెళ్ళున్నాయి.

మంచం మీద తెల్లని బట్టల్లో సోక్రటీసు నిటారుగా కూర్చున్నాడు. ఎడమ చేయి పైకెత్తి, వేలితో ఆకాశాన్ని చూపిస్తూ, చెబుతున్న మాట ఇంకా చెబుతూనే ఉన్నాడు. కుడి చేయి విషపాత్ర మీదికి చాచి ఉంది. కాని పాత్రను ఇంకా ముట్టుకోలేదు. ఆ అరచేతికీ, పాత్రకూ మధ్య ఉన్న జానెడు ఖాళీయే ఈ చిత్రానికి ప్రాణం. పాత్ర అందుకోబోతున్నాడన్న సంగతిలో అనుమానం లేదు. అయినా ఆయన మనసు పాత్ర మీద లేదు, మాట మీద ఉంది. చావు వచ్చి పక్కన నిలబడితే, “ఉండు, ఈ వాక్యం పూర్తి చేసి వస్తాను” అన్నట్టుంది ఆ కూర్చున్న తీరు.

మిగిలినవారిని వరసగా చూడండి. ప్రతి ఒక్కరూ విధి ముందు మనిషి నిలబడే ఒక్కొక్క పద్ధతికి ఉదాహరణ. మంచం పక్కన కూర్చుని సోక్రటీసు తొడ మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్న ముసలాయన క్రిటో. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, పట్టు వదలడం లేదు. కుడివైపు శిష్యులు చేతులు పైకెత్తి, ముఖాలు కప్పుకుని ఏడుస్తున్నారు. వెనక ఒకడు గోడకు ముఖం ఆనించి కుమిలిపోతున్నాడు. మంచం కాళ్ళ వైపున, అందరికీ వీపు పెట్టి, తల దించుకుని కూర్చున్న వృద్ధుడు ప్లేటో. ఆయన కాళ్ళ దగ్గర కాగితపు చుట్ట, సిరాబుడ్డి ఉన్నాయి.

ఇంకొక్కడు మిగిలాడు. ఎర్రని దుస్తుల్లో, దాదాపు చిత్రం మధ్యలో, మనకు వీపు చూపిస్తూ నిలబడ్డ యువకుడు. విషపాత్ర తెచ్చినవాడు అతనే. ఒక చేత్తో పాత్ర అందిస్తూ రెండో చేత్తో కళ్ళు మూసుకున్నాడు. ఈ మనిషిని బాగా గుర్తుపెట్టుకోండి. వ్యాసం చివర్లో ఇతనితో మనకు పని ఉంది.

చిత్రకారుడు మార్చినవి

పుస్తకంలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా గీస్తే అది బొమ్మల కథ అవుతుంది గాని చిత్రం కాదు. డేవిడ్ కొన్ని చోట్ల కావాలనే మార్చాడు. ఆ మార్పుల్లోనే అతని ఆలోచన పట్టుబడుతుంది.

మొదటిది, సోక్రటీసు రూపం. అణిగిన ముక్కు, ముందుకు వచ్చిన కళ్ళు, పొట్ట ఇవన్నీ కలిసి సోక్రటీసు అందవికారంగా ఉండేవాడని ఆయన కాలంవాళ్ళే రాశారు. డేవిడ్ గీసిన సోక్రటీసు తల ముసలిదే, దేహం మాత్రం కసరత్తు చేసే పడుచువాడిది. లోపలి దృఢత్వాన్ని బయటికి చూపించడానికి చిత్రకారుడికి ఉన్న భాష దేహమే కదా.

రెండవది, ప్లేటో. ఆ రోజున ప్లేటో అక్కడ లేడు. ఒంట్లో బాగాలేక రాలేదన్నట్టు ‘ఫీడో’లో తానే రాసుకున్నాడు. పైగా అప్పటికి ఆయన వయస్సు ముప్పై కూడా నిండలేదు. మరి డేవిడ్ ఆయన్ని ముసలివాణ్ణి చేసి చెరసాలలో ఎందుకు కూర్చోబెట్టాడు? చాలామంది చెప్పుకునే సమాధానం ఒకటుంది. ఆ వృద్ధుడు కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంటున్నాడు, వెనక జరుగుతున్నదంతా అతని జ్ఞాపకం. నాకూ అదే సబబుగా తోస్తుంది. డేవిడ్ తన పేరులోని పొడి అక్షరాలను, సంవత్సరాన్ని ప్లేటో కూర్చున్న రాతి మీద రాశాడు. పూర్తి సంతకం మాత్రం క్రిటో కూర్చున్న రాతి మీద చేశాడు. జ్ఞాపకం పెట్టుకునేవాడి దగ్గర ఒక సంతకం, వదలలేక పట్టుకున్నవాడి దగ్గర ఒక సంతకం. సోక్రటీసు దగ్గర మాత్రం లేదు.

మూడవది, పాత్ర తెచ్చినవాడు. ప్లేటో కథలో సోక్రటీసు దగ్గరికి వచ్చి, ఇన్నాళ్ళూ నీవంటి మంచివాణ్ణి ఈ జైల్లో చూడలేదని చెప్పి కంటతడి పెట్టుకుని వెళ్ళిపోయిన ఉద్యోగి ఒకడు, విషం నూరి తెచ్చినవాడు మరొకడు. విషం తెచ్చినవాడు ఏడవలేదు. ఎలా తాగాలో, తాగాక ఏం చెయ్యాలో వివరంగా చెప్పాడు. డేవిడ్ ఈ ఇద్దరినీ కలిపి ఒక్కణ్ణి చేశాడు. పని చేస్తున్నవాడే ఆ పనిని చూడలేకపోతున్నాడు.

దీని వెనుక ఉన్న తత్త్వం

సోక్రటీసు చనిపోయిన సుమారు వందేళ్ళకు అదే ఏథెన్సులో జీనో అనే ఆయన ఒక తత్త్వ శాఖను ప్రారంభించాడు. రంగులు వేసిన ఒక మండపంలో పాఠాలు చెప్పేవాడు. గ్రీకులో మండపాన్ని ‘స్టోవా’ అంటారు గనుక వారికి స్టోయిక్కులని పేరు వచ్చింది. సోక్రటీసును గురించి చదవడం వల్లనే జీనో తత్త్వశాస్త్రం వైపు మళ్ళాడని పాత చరిత్రకారులు చెబుతారు. విధిని అంగీకరించడమన్న సిద్ధాంతాన్ని పడమటి దేశాల్లో పద్ధతిగా బోధించినవారు వీరే. వారికి ఆదర్శ పురుషుడు సోక్రటీసు.

వారు చెప్పే ఒక ఉపమానం మన పల్లెటూళ్ళవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. కదిలే బండికి వెనక ఒక కుక్కను కట్టారు. కుక్క ఇష్టపడితే బండితోపాటు నడుస్తుంది, మొరాయిస్తే బండి ఈడ్చుకుపోతుంది. ఎలాగైనా వెళ్ళక తప్పదు. నడవడమా, ఈడ్పించుకోవడమా అన్నంతవరకే కుక్క చేతిలో ఉంది.

ఈ సిద్ధాంతాన్ని అందరికీ అర్థమయ్యేలా చెప్పినవాడు ఎపిక్టెటస్. క్రీ.శ. మొదటి శతాబ్దంలో పుట్టినవాడు, బానిసగా బతికి తరవాత విడుదలైనవాడు. ఆయన చెప్పింది స్థూలంగా ఇది. లోకంలో ఉన్నవన్నీ రెండు పద్దులు. మన అభిప్రాయం, మన కోరిక, మన ప్రయత్నం మన చేతిలో ఉన్నవి. దేహం, ఆస్తి, పేరు, పదవి మన చేతిలో లేనివి. మొదటి పద్దులో ఉన్నదాన్ని శ్రద్ధగా చేసి, రెండో పద్దులో ఉన్నదాన్ని వచ్చినట్టుగా స్వీకరించాలి. ఆయన బోధనలను శిష్యుడు కూర్చిన చిన్న పుస్తకం సోక్రటీసు నోట వచ్చిన మాటలతోనే ముగుస్తుంది.

ఇప్పుడు మళ్ళీ బొమ్మ చూడండి. పైకెత్తిన చెయ్యి మొదటి పద్దు, పాత్ర మీదికి చాచిన చెయ్యి రెండవ పద్దు. మాట తన చేతిలో ఉంది కనుక చివరి క్షణం దాకా వదలలేదు. చావు తన చేతిలో లేదు కనుక దాన్ని చూసి బెదరలేదు. విధిని అంగీకరించడమంటే పని మానుకుని మంచమెక్కడం కాదని డేవిడ్ మంచం మీద కూర్చున్న మనిషితోనే చెప్పించాడు.

ఒక ముఖ్యమైన మాట

విద్యార్థులకు ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. సోక్రటీసు విషం తాగాడు గనుక అది ఆత్మహత్యను మెచ్చుకోవడమని ఎవరైనా అనుకుంటే అది పూర్తిగా పొరపాటు. అది కోర్టు వేసిన శిక్ష. ఆ ‘ఫీడో’లోనే, మనిషి తన ప్రాణాన్ని తాను తీసుకోరాదని సోక్రటీసు చెబుతాడు. మనం దేవతల సొత్తు, వారి అనుమతి లేకుండా కాపలా వదిలి పోయే హక్కు మనకు లేదన్నది ఆయన వాదం.

ఈ చిత్రకారుడి జీవితంలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. డేవిడ్ యువకుడుగా ఉన్నప్పుడు పారిస్ అకాడమీవారు ఏటా ఒక పోటీ పెట్టేవారు. అందులో గెలిస్తే రోము నగరంలో ఉచితంగా చదువుకోవచ్చు. 1772లో ఆ బహుమతి తప్పిపోయింది. ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు గది తలుపులు వేసుకుని, అన్నం నీళ్ళు మాని చచ్చిపోదామని నిశ్చయించుకున్నాడు. రెండు రోజులు గడిచాక అకాడమీ పెద్దల్లో ఒకాయన వచ్చి నచ్చజెప్పి లేవదీశాడు. 1773లో మళ్ళీ పోటీకి వెళ్ళాడు. ఆ ఏడు ఇచ్చిన అంశం ‘సెనెకా మరణం’. నీరో చక్రవర్తి ఆజ్ఞ మీద ప్రాణం విడిచిన రోమను స్టోయిక్కు సెనెకా కథ అది. అప్పుడూ ఓడిపోయాడు. గెలిచినవాడు పేరన్ అనే మరో యువకుడు. 1774లో గాని డేవిడ్‌కు బహుమతి రాలేదు. పదమూడేళ్ళ తరవాత, 1787 పారిస్ ప్రదర్శనలో డేవిడ్, పేరన్ ఇద్దరూ ‘సోక్రటీసు మరణం’ అన్న ఒకే అంశం మీద చిత్రాలు పెట్టారు. ఈసారి జనం డేవిడ్ చిత్రం ముందే గుమిగూడారు. అప్పట్లో అమెరికా రాయబారిగా పారిస్‌లో ఉన్న జెఫర్సన్ కూడా, ప్రదర్శన మొత్తంలో ఇదే మేలైనదని మిత్రుడికి జాబు రాశాడు.

1772లో ఆ తలుపు తట్టినవాడు రాకపోతే ఈ చిత్రం లేదు. పరీక్ష ఫలితం రెండో పద్దులోది. మళ్ళీ కూర్చుని రాయడం మొదటి పద్దులోది. ఫలితాన్ని విధి అని ఒప్పుకోవచ్చు గాని, ఆ ఫలితంతో మన కథ ముగిసిందని ఒప్పుకోనక్కరలేదు. పక్క గదిలో ఎవరైనా తలుపు వేసుకుని కూర్చుంటే వెళ్ళి తట్టడం మన వంతు.

బండి తోలేది ఎవరు?

స్టోయిక్కుల బండి ఉపమానంలో ఒక లోపం ఉంది. ఆ కుక్క, బండి తోలేదెవరని అడగదు. వార్ధక్యం, రోగం, వాన, ఎండ, చావు ఇవన్నీ మనుషులెవరూ తోలని బళ్ళు. వాటి వెనక మర్యాదగా నడవడమే వివేకం. కాని కొన్ని బళ్ళను మనుషులే తోలుతారు. తోలుతూ, “ఇది మీ రాత, నడవండి” అంటారు. అలాంటి చోట ఈ తత్త్వం ఏమవుతుంది?

సోక్రటీసు జీవితంలోనే దీనికి జవాబుంది. దాన్ని చిత్రంలో వెతికితే కనబడదు. క్రీ.పూ. 406లో ఒక నావికా యుద్ధం తరవాత, మునిగిపోతున్న తమవారిని రక్షించలేదని ఏథెన్సు సేనానుల మీద జనం మండిపడ్డారు. అందరినీ ఒక్క వోటుతో కలిపి శిక్షించాలన్నారు. అది చట్టవిరుద్ధం. ఆ రోజు సభ నడిపే సంఘంలో సోక్రటీసు సభ్యుడు. మిగిలినవారు భయపడి తల వూపారు, ఆయన ఒప్పుకోనన్నాడు. రెండేళ్ళ తరవాత నగరం ‘ముప్పై మంది’ నియంతల చేతిలో పడింది. వాళ్ళు సోక్రటీసుతో సహా అయిదుగురిని పిలిచి, సలామిస్ ద్వీపంలో ఉన్న లియోన్ అనే నిరపరాధిని చంపడానికి పట్టుకు రమ్మన్నారు. నలుగురు వెళ్ళి తెచ్చారు. లియోన్‌ను చంపారు. సోక్రటీసు మాత్రం నేరుగా ఇంటికి పోయాడు. ఆ ప్రభుత్వం త్వరలోనే పడిపోకపోతే తన ప్రాణం పోయేదని తన విచారణలో ఆయనే గుర్తుచేశాడు.

ఈ మూడు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. విషం తనకు వచ్చినప్పుడు చెయ్యి చాచాడు. విషం మరొకరికి అందించమన్నప్పుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సోక్రటీసు అంగీకారంలోని అసలు రహస్యం ఇదే. తన మీదికి వచ్చిన అన్యాయాన్ని భరించాడు, ఎదుటివాడి మీదికి వెళ్ళే అన్యాయానికి చేతిముట్టు కాలేదు. “నా రాత” అన్నాడు గాని “వాడి రాత” అనలేదు.

చిత్రకారుని పరీక్ష

ఇక డేవిడ్ సంగతి. ఈ చిత్రాన్ని అతనిచేత గీయించుకున్నది పారిస్‌లోని ట్రుడేన్ అనే సంపన్న కుటుంబానికి చెందిన యువకుడు. ఆ ఇంట అన్నదమ్ములిద్దరూ కళాభిమానులు, కొత్త భావాల పట్ల ఆదరం కలవారు. 1789లో విప్లవం వచ్చింది. డేవిడ్ అందులో తలమునకలుగా దిగాడు. 1793 జనవరిలో రాజుకు మరణశిక్ష వెయ్యాలని వోటు వేశాడు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి సాధారణ భద్రతా సంఘంలో సభ్యుడై, అనుమానితుల అరెస్టు వారెంట్ల మీద సంతకాలు పెట్టసాగాడు. అది భయోత్పాత పాలన కాలం. ఆ వారెంట్లలో చాలావాటికి చివరి మెట్టు గిలటిన్.

1794 జూలై 26న ట్రుడేన్ సోదరులిద్దరి తలలు గిలటిన్ కింద రాలాయి. వారి వారెంటు మీద డేవిడ్ సంతకం ఉందని నేననడం లేదు. కాని ఆ బండి తోలే సంఘంలో అతనొకడు.

అదే రోజు రాత్రి జాకొబిన్ క్లబ్బులో విప్లవ నాయకుడు రొబెస్పియర్ తన అంతం దగ్గరపడిందని గ్రహించి, హెమ్లాక్ తాగడానికి సిద్ధమన్నట్టు మాట్లాడాడు. అప్పుడు డేవిడ్ లేచి, నీవు తాగితే నీతోపాటు నేనూ తాగుతానని అందరి ముందూ ప్రకటించాడు. ఏడేళ్ళ క్రితం తాను గీసిన బొమ్మలోని పాత్రనే అతను నిజజీవితంలో చేత పట్టుకోవాలనుకున్నాడు. మరునాడు సభలో రొబెస్పియర్‌ను పట్టుకున్నారు. డేవిడ్ ఆ రోజు సభకు రాలేదు. ఒంట్లో బాగాలేదన్నాడు. 28న రొబెస్పియర్‌ను చంపారు. ఆగస్టులో డేవిడ్ అరెస్టయి నాలుగైదు నెలలు జైల్లో ఉన్నాడు. 1795లో మరోసారి పట్టుబడి, క్షమాభిక్ష మీద బయటపడ్డాడు. తరవాత నెపోలియన్ కొలువులో పెద్ద చిత్రకారుడయ్యాడు. నెపోలియన్ పడిపోయాక 1816లో దేశం విడిచి, 1825లో బ్రస్సెల్సులో చనిపోయాడు.

గురువు విషం తాగిన రోజున ప్లేటోకు ఒంట్లో బాగాలేదు. నాయకుడు పడిపోయిన రోజున డేవిడ్‌కూ ఒంట్లో బాగాలేదు. ఈ పోలిక చూసి నవ్వడం తేలిక. ప్రాణభయం అందరికీ ఉంటుంది. ఒక మాట అనేసి మర్నాడు వెనక్కి తగ్గడం మానవ సహజం. ఆ పని కోసం డేవిడ్‌ను నేను తప్పు పట్టను. నన్ను ఆలోచింపజేసేది అంతకుముందు పది నెలలు. అప్పుడు డేవిడ్ నిలబడ్డ చోటు సోక్రటీసు కూర్చున్న మంచం కాదు. ఎర్ర దుస్తుల యువకుడు నిలబడ్డ చోటు. పాత్ర అందించేవాడి చోటు. తాను గీసిన యువకుడికి కనీసం కళ్ళు మూసుకునే సిగ్గు ఉంది.

మరి చిత్రం అబద్ధమా? కాదనే నా అభిప్రాయం. చిత్రకారుడు పడిపోయినంత మాత్రాన అతను గీసిన కొండ ఎత్తు తగ్గదు. తెలిసి గీసినవాడికే అది ఇంత కష్టమైతే, “విధి” అన్న మాటను సులువుగా వాడే మనకు ఇంకెంత జాగ్రత్త కావాలో మాత్రం ఈ కథ చెబుతుంది.

మనం నేర్చుకోవలసింది

ఈ కాలేజీలో నేడు చదువుతున్నవారు రేపు ఎవరో ఒకరికి పాత్ర అందించే చోట నిలబడతారు. ఒకరు ఆఫీసులో ఫైలు మీద సంతకం పెడతారు, ఒకరు ఆసుపత్రిలో ఎవరికి మంచం ఇవ్వాలో నిర్ణయిస్తారు, ఒకరు మార్కులు వేస్తారు, ఒకరు పోలీసు స్టేషనులో ఫిర్యాదు తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తారు. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవారూ ఉంటారు. అక్కడ “నేనేం చేసేది, వాడి ప్రాప్తం అంతే” అనుకోవడం చాలా సుఖంగా ఉంటుంది. తరతరాలుగా కొన్ని కులాలవారికీ, ఆడవాళ్ళకూ, బీదవారికీ ఈ మాటనే తత్త్వమని చెప్పి నోరు నొక్కారు. అది స్టోయిక్కుల తత్త్వమూ కాదు, సోక్రటీసు తత్త్వమూ కాదు. ఎవరి చేతిలోనో ఉన్న కొరడాకు విధి అని పేరు పెట్టడం అది.

కనుక ఎప్పుడైనా “రాత” అన్న మాట నోటికి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది ఎవరి కష్టం, నాదా మరొకరిదా? దీన్ని తెచ్చినది ప్రకృతా, మనిషా? కష్టం నాదై, తప్పించుకునే దారి న్యాయమైనది కాకపోతే, తల ఎత్తుకుని భరించవచ్చు. కష్టం మరొకరిదై, పాత్ర నా చేతిలో ఉంటే, అది విధి కాదు, నా పని. ఆ పనికి జవాబు చెప్పవలసినవాణ్ణి నేనే.

బొమ్మను మరొక్కసారి చూడండి. అందరి కళ్ళూ సోక్రటీసు మీదికే వెళతాయి, డేవిడ్ అలాగే ఏర్పాటు చేశాడు. మీరు మాత్రం కాసేపు ఆ ఎర్ర దుస్తుల యువకుణ్ణి చూడండి. అతను చెయ్యి అడ్డం తీసి, కళ్ళు తెరిచి ఉంటే ఏం చేసి ఉండేవాడో ఆలోచించండి.